కొమ్ము కూడా విత్తనమే

వ్యవసాయ కళాశాలలో చేరిన ప్రతి విద్యార్థీ ఉల్లి వేరు కొనకు ఎసిటోకార్మిన్ రంగు పట్టించి, గాజు పలక మీద నలిపి, సూక్ష్మదర్శినిలో సమవిభజన దశలను చూస్తాడు. ప్రథమ దశ, మధ్య దశ, చలన దశ, అంత్య దశ అని వరుసగా నాలుగు బొమ్మలు రికార్డు పుస్తకంలో గీస్తాడు. అధ్యాపకుని సంతకం పడుతుంది. ఆ తరువాత నాలుగేళ్ళ చదువులో ఆ బొమ్మలతో అతనికి పని పడదు. బాపట్ల కళాశాల ఆవరణ దాటి గంట ప్రయాణం చేస్తే తెనాలి వైపు పసుపు, కంద, అరటి, తమలపాకు తోటలు, రేపల్లె వైపు కృష్ణ లంకల అరటి తోటలు కనిపిస్తాయి. ఆ పొలాలన్నీ ఆ నాలుగు బొమ్మల విస్తరణే. ఈ సంగతిని పాఠ్యప్రణాళిక విద్యార్థికి గట్టిగా చెప్పదు. చెప్పకపోవడం వలన కలిగే నష్టం పరీక్షలో కనపడదు, పొలంలో కనపడుతుంది.

1882లో వాల్టర్ ఫ్లెమింగ్ దారపు పోగుల వంటి రూపాలను చూసి ఈ ప్రక్రియకు మైటోసిస్ అని పేరు పెట్టాడు. అంతకు ఏడేళ్ళ ముందే ఎడ్వర్డ్ స్ట్రాస్‌బర్గర్ మొక్కల కణాలలో కేంద్రక విభజనను వర్ణించాడు. వారు చూసినది క్రోమోజోముల కదలికను. అసలు పని అంతకు ముందే, కేంద్రకం ఏమీ చేయనట్లు కనిపించే అంతర్దశలో, జరిగిపోతుంది. 1953లో హోవార్డ్, పెల్క్ అనే శాస్త్రజ్ఞులు ఒక రకం చిక్కుడు వేరు కొనలపై రేడియోధార్మిక భాస్వరంతో చేసిన పని వలన, డి.ఎన్.ఎ. రెట్టింపు కావడం విభజనకు ముందు ఒక నియత కాలంలోనే జరుగుతుందని తేలింది. ఇప్పటికీ కొన్ని పాఠ్యపుస్తకాలలో అంతర్దశను ‘విశ్రాంతి దశ’ అని రాయడం చూస్తాము. కణం ప్రతి రాసుకునేదీ, తప్పులు దొర్లేదీ, వాటిని దిద్దుకునేదీ ప్రధానంగా ఆ ‘విశ్రాంతి’లోనే.

ప్రతి క్రోమోజోము తన నకలును తానే తయారుచేసుకొని, ఆ రెండు క్రోమాటిడ్‌లతో కణమధ్యానికి వస్తుంది. కండె తంతువులు వాటిని విడదీసి చెరొక ధ్రువానికీ లాగుతాయి. నడుమ కణఫలకం ఏర్పడి, అదే క్రమంగా కొత్త గోడగా మారుతుంది. ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉంది. సమవిభజనలో ఏ క్రోమోజోముకూ తన జతతో పని లేదు. క్షయకరణ విభజనలో సమజాత క్రోమోజోములు రెండు చొప్పున జతకట్టి తీరాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

తెనాలి, రేపల్లె ప్రాంతపు తోట పంటల చరిత్ర అంతా ఈ ఒక్క భేదం మీద నిలిచి ఉంది. కర్పూర చక్కెరకేళి త్రయస్థితికం. మ్యూసా అక్యూమినేటా నుండి రెండు, మ్యూసా బాల్బిసియానా నుండి ఒకటి చొప్పున మొత్తం మూడు వరుసలు, వరుసకు పదకొండు, వెరసి 33 క్రోమోజోములు. పసుపు కూడా త్రయస్థితికమే, దాని సంఖ్య 63. మూడేసి ఉన్న క్రోమోజోములు రెండేసిగా జతకట్టబోతే ఒకటి మిగిలిపోతుంది. ఆ మిగిలినది ఎటు పోవాలో తెలియక బీజకణాలు అసమతుల్యమవుతాయి, పుప్పొడి చాలావరకు వంధ్యమవుతుంది. అందువలన అరటిపండులో గింజ ఉండదు. పసుపు పూసినా గింజ కట్టడం బహు అరుదు. లైంగిక మార్గం ఇంచుమించు మూసుకుపోయిన ఈ మొక్కలకు సమవిభజన మాత్రం ఏ ఆటంకమూ లేకుండా సాగుతుంది. దానికి 33 అయినా ఒకటే, 63 అయినా ఒకటే. దుగ్గిరాల పసుపు ఎన్ని తరాల రైతుల చేతులు మారిందో లెక్క కట్టలేము గానీ, జీవశాస్త్ర దృష్టితో చూస్తే అది ఒకే మొక్క, లేదా కొద్దిపాటి మొక్కల సమూహం, ఇన్నేళ్ళుగా చావకుండా విస్తరిస్తూ ఉండడమే.

తమలపాకు తీరు వేరు. అందులో ఆడ, మగ తీగలు విడివిడిగా ఉంటాయి. తీగ ముక్క నాటితే చాలు కనుక గింజతో అవసరం లేకపోయింది. కపూరీ పొన్నూరు, కపూరీ చిలుమూరు వంటి పేర్లలో ఊళ్ళ పేర్లు నిలిచిపోవడానికి కారణం అదే: ఒక ఊళ్ళో ఎవరో ఎన్నుకున్న ఒక తీగ ఆ ఊరి పేరుతోనే ముక్కలై ఊరూరా చేరింది.

ఇంతవరకు సమవిభజనకు మెప్పు. విస్తరణ శాస్త్రజ్ఞులు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతారు: ‘తల్లి మొక్క లక్షణాలు యథాతథంగా సంక్రమిస్తాయి, కనుక మంచి తల్లిని ఎన్నుకోండి.’ ఈ వాక్యంలో తప్పు లేదు, లోపం ఉంది. యథాతథంగా సంక్రమించేవి తల్లి జన్యువులు మాత్రమే కావు. తల్లి దుంపలో ఉన్న శిలీంధ్రం, నులిపురుగు, పొలుసు పురుగు, కణద్రవ్యంలో ఉన్న వైరస్ కూడా పిల్లకు వెళ్తాయి. గింజ అనేది మొక్కకు ఒక జల్లెడ వంటిది. చాలా వైరస్‌లు పిండంలోకి చేరలేవు, అందువలన తల్లి రోగి అయినా గింజ నుండి వచ్చిన పిల్ల తరచుగా ఆరోగ్యంగానే పుడుతుంది. పిలకకు, కొమ్ముకు, తీగ ముక్కకు ఆ జల్లెడ లేదు. అరటి పిలకతో పాటు బంచీటాప్ వైరస్, బ్రాక్ట్ మొజాయిక్ వైరస్, పనామా తెగులు శిలీంధ్రం, దుంపను తొలిచే ముక్కుపురుగు ప్రయాణం చేస్తాయి. పసుపు కొమ్ముతో దుంపకుళ్ళు, పొలుసు పురుగు వెళ్తాయి. కంద ముక్కతో మొజాయిక్ వెళ్తుంది. రైతు తన పొలంలోని తల్లి దుంపనే తిరిగి నాటుకున్నంత కాలం ఆ రోగాలు ఆ పొలానికే పరిమితమయ్యేవి. ఇప్పుడు నాటు సరుకు లారీలకెక్కి జిల్లాలు దాటుతున్నది.

ఒకే జన్యువులు గల మొక్కలు విస్తారంగా ఉన్నచోట ఒక రోగం ఏమి చేయగలదో అరటి చరిత్రే చెబుతుంది. ఇరవయ్యవ శతాబ్దపు మధ్యకాలంలో లాటిన్ అమెరికా ఎగుమతి తోటలలో గ్రో మిషెల్ అనే రకం పనామా తెగులుకు లోబడి వాణిజ్యపరంగా అంతరించింది, దాని స్థానంలో కావెండిష్ వచ్చింది. ఆ కావెండిష్‌ను సైతం పడగొట్టగల టి.ఆర్.4 అనే తెగ ఆసియాలో వ్యాపించి, గత దశాబ్దంలో బీహార్, ఉత్తర ప్రదేశ్ తోటలలో బయటపడింది. టిష్యూ కల్చర్ కావెండిష్ రకాలు ఆంధ్రప్రదేశ్‌లోనూ విస్తరించిన ఈ రోజులలో, వేరే రాష్ట్రం నుండి వచ్చే పిలక, దానికి అంటుకొని వచ్చే మట్టి, పనిముట్లు ఎంత ప్రమాదకరమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక ఉత్పరివర్తనల సంగతి. సమవిభజన నకలు రాయడంలో ఎంతో నేర్పరి. దిద్దుబాటు తరువాత మిగిలే తప్పు దాదాపు వంద కోట్ల అక్షరాలకు ఒకటి, లేదా అంతకన్నా తక్కువ. అయితే త్రయస్థితికమైన అరటి కణంలో ఉన్న అక్షరాలు సుమారు 150 కోట్లు. అంటే ప్రతి విభజనలోనూ ఒక తప్పు దొర్లడానికి తావు ఉన్నదన్న మాట. వాటిలో అధికభాగం ఏ ప్రభావమూ చూపవు. కొన్ని మేలు చేస్తాయి. పొట్టి కావెండిష్ రకాలు, ఎర్ర అరటిలో ఆకుపచ్చ పండ్ల రూపం ఇటువంటి శాఖీయ ఉత్పరివర్తనల నుండే వచ్చాయి. కొన్ని కీడు చేస్తాయి. లైంగిక ప్రత్యుత్పత్తిలో పునఃసంయోజనం వలన చెడు మార్పులు విడిపోయి ఏరివేతకు లోనవుతాయి. అలైంగిక వంశంలో ఒకసారి చేరిన చెడు మార్పు వెనక్కు పోయే దారి లేదు. 1964లో హెర్మన్ ముల్లర్ దీనిని ఒక వైపుకే తిరిగే పళ్ళచక్రంతో పోల్చాడు. రైతు ఏటా గెల చూసి, తల్లిని చూసి, సూది పిలకను ఎంచి నాటడం ద్వారా ఆ చక్రాన్ని కొంతవరకు ఆపుతూ వచ్చాడు. విశ్వవిద్యాలయాలు ‘క్లోనల్ సెలెక్షన్’ అని పేరు పెట్టి చేసేదీ ఆ పనినే, కాకపోతే తూకాలతో, రికార్డులతో చేస్తాయి. పసుపులో కంకి పట్టుకొని సంకరం చేయడం దుస్సాధ్యం కనుక క్లోనల్ ఎంపికే ఆ పంటకు ప్రధాన ప్రజనన మార్గం. ఎరువుల మోతాదు, నాటే దూరం మీద వెచ్చించిన శ్రద్ధలో కొంత భాగమైనా పాత తోటలలోని మేలైన కుదుళ్ళను గుర్తించి నిలపడం మీద పెట్టి ఉంటే బాగుండేది.

‘టిష్యూ కల్చర్ మొక్క తెస్తే ఈ బాధలన్నీ తీరుతాయి కదా’ అన్న మాట రైతు సదస్సులలో తరచుగా వినబడుతుంది. ఈ నమ్మకాన్ని సరిదిద్దవలసిన బాధ్యత విస్తరణ శాస్త్రజ్ఞులదే. కణజాల వర్ధనం కూడా సమవిభజనే, కేవలం దాని వేగం హెచ్చు. రోగం ఉన్న తల్లి నుండి తీసిన ముక్కను సీసాలో పెంచితే రోగం ఉన్న మొక్కలే వేల సంఖ్యలో వస్తాయి. 1952లో మోరెల్, మార్టిన్ డాలియా మొక్కలలో చూపినది వేరు. వేగంగా విభజన చెందే విభాజ్య కణజాలపు కొసలోకి వైరస్ సులభంగా చేరలేదు కనుక, మిల్లీమీటరులో భాగమంత కొసను మాత్రమే కోసి పెంచితే వైరస్ లేని మొక్క రావచ్చు. వచ్చినదా లేదా అన్నది పరీక్షిస్తే తప్ప తెలియదు. ఉపవర్ధనాల సంఖ్య పెరిగే కొద్దీ రూపభేదాలు గల మొక్కల శాతం కూడా పెరుగుతుంది. అందుకే అరటిలో ఎనిమిది ఆవృతాల వద్ద ఆపమని సాధారణంగా సూచిస్తారు. కొనుగోలు చేసే రైతు ఆ మొక్క ఎన్నో ఆవృతానిదని అడగడు, అడగాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

కర్పూర చక్కెరకేళి విషయంలో మరొక చిక్కు ఉంది, ఇది విద్యార్థులకు ఆసక్తి కలిగించే సంగతి. దీనిలోని బాల్బిసియానా వంతు క్రోమోజోములలో బనానా స్ట్రీక్ వైరస్ డి.ఎన్.ఎ. ఇమిడిపోయి ఉంది. అది మొక్క జన్యువుల వెంటే ప్రతి సమవిభజనలోనూ నకలవుతుంది. నీటి ఎద్దడి, ఉష్ణోగ్రతల ఒత్తిడి, చివరకు కణజాల వర్ధనపు ఒత్తిడి కూడా దానిని మేల్కొలిపి రోగంగా మార్చగలవు. ఇక్కడ విభాజ్య కొస కోసినా ప్రయోజనం లేదు, ఎందుకంటే శత్రువు క్రోమోజోములోనే ఉన్నాడు. ఇటువంటి రకానికి ‘వైరస్ రహిత మొక్క’ అని అట్ట మీద అచ్చువేయడం సాహసమే.

అలైంగికం అంటే గింజ లేనిదని, గింజ అంటే లైంగికమని విద్యార్థులు పెట్టుకునే సమీకరణం తప్పని చూపడానికి తెనాలి నిమ్మ చాలు. నిమ్మ గింజలో తరచుగా ఒకటికి మించి పిండాలు ఉంటాయి. వాటిలో ఒకటి ఫలదీకరణ వలన పుడితే, తక్కినవి అండాంతఃకణజాలపు కణాలు సమవిభజన చెందగా ఏర్పడినవి, అంటే తల్లి నకళ్ళు. గింజలోంచి వచ్చినందువలన వాటికి ఆ జల్లెడ లాభం దక్కుతుంది: ట్రిస్టెజా వైరస్ వాటికి సాధారణంగా సంక్రమించదు. నకలు కావాలి, రోగం వద్దు అన్న రెండు కోరికలను ప్రకృతి ఒకే గింజలో తీర్చింది. 2018-19లో వరిలోనూ శాస్త్రజ్ఞులు ఇటువంటి దానినే సాధించారు. క్షయకరణ విభజనను సమవిభజన వంటి దానిగా మార్చి, అండకణం ఫలదీకరణ లేకుండానే పిండమయ్యేటట్లు చేసి, గింజల ద్వారా క్లోనులను పుట్టించారు. బి.పి.టి. 5204 పుట్టిన ఊళ్ళో ఈ పరిశోధన గురించి విద్యార్థులకు చెప్పకపోతే మరెక్కడ చెప్పాలి?

అసలు మన విత్తన వ్యవస్థ అంతా వరి చుట్టూ కట్టినది. 1986లో విడుదలైన బి.పి.టి. 5204కు ప్రజనక విత్తనం, మూల విత్తనం, ధృవీకృత విత్తనం అన్న మెట్లు ఉన్నాయి, పొలం తనిఖీ ఉంది, గిడ్డంగి ఉంది. దుగ్గిరాల పసుపుకు ఆ మెట్లలో ఏదీ రైతు అనుభవంలోకి రాలేదు. చట్టం అడ్డు వచ్చిందా అంటే రాలేదు. 1966 నాటి విత్తన చట్టంలోని నిర్వచనం దుంపలను, కొమ్ములను, వేళ్ళను, కత్తిరింపులను, అంట్లను సైతం ఆహార పంటలకు సంబంధించినంత వరకు విత్తనంగానే పరిగణిస్తుంది. (తమలపాకు ఆహారమవునా కాదా అన్నది న్యాయవాదులు తేల్చవలసిన సంగతి.) కణజాల వర్ధనపు మొక్కలకు 2006 నుండి జాతీయ ధృవీకరణ పద్ధతి ఉంది. పొలంలో తవ్వి అమ్మే పిలకకు, కొమ్ముకు మాత్రం ఆచరణలో ఏ పరీక్షా లేదు. ‘ఆరోగ్యవంతమైన కొమ్ములను ఎన్నుకొని, మందు ద్రావణంలో ముంచి నాటాలి’ అన్న సిఫారసు వాక్యం దశాబ్దాలుగా పుస్తకం నుండి పుస్తకానికి, సమవిభజనను మించిన విశ్వసనీయతతో, నకలవుతూ వస్తున్నది. ఆరోగ్యవంతమైనదని రైతు ఎట్లా తెలుసుకోవాలో అందులో ఉండదు.

ఖర్చు ఎక్కువన్నది తరచు వినవచ్చే అభ్యంతరం. నిజానికి శాఖీయ పంటలలో శుద్ధత పరీక్ష వరిలో కన్నా తేలిక. వరిలో ప్రతి గింజా రెండు బీజకణాల కలయిక. పరపుప్పొడి రాకుండా వేర్పాటు దూరం పాటించాలి, కేళీలు ఏరాలి. అరటిలో పుప్పొడి భయం లేదు. ఒక తల్లి మొక్కను అన్ని విధాలా పరీక్షించి రకం నిర్ధారించుకుంటే, దాని పిలకలన్నింటి రకమూ నిర్ధారణ అయినట్లే, ఆ హామీ సమవిభజన ఇస్తుంది. ఆరోగ్యానికి ఆ హామీ లేదు, పేనుబంక మళ్ళీ వైరస్‌ను తెస్తుంది. కనుక వేర్పాటు దూరం ఇక్కడ పుప్పొడి నుండి కాక పేనుబంక నుండి. బంగాళాదుంపలో సిమ్లా కేంద్ర పరిశోధన సంస్థ ఇదే సూత్రం మీద, పేనుబంక తక్కువగా ఉండే కాలాన్ని ఎంచుకొని మైదానాలలోనే విత్తనపు దుంప ఉత్పత్తిని సాధ్యం చేసింది. అది ఒక పంటకు సాధ్యమైనప్పుడు కందకు, పసుపుకు అసాధ్యమనడం సబబు కాదు.

వరదల తరువాత ఈ ప్రశ్న చర్చ స్థాయిని దాటిపోయింది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజి వద్ద 11.4 లక్షల క్యూసెక్కుల పైచిలుకు వరద వచ్చినప్పుడు కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంకలు మునిగిపోయాయి. వరి పోతే మరుసటి పంటకు విత్తనం వేరే గిడ్డంగి నుండి వస్తుంది. అరటి, పసుపు, కంద పోతే పంటా విత్తనమూ ఒకేసారి పోతాయి, ఎందుకంటే రెండూ ఒకటే దుంప. కందలో ఒక ఏడాదిలో పెరిగే విత్తనం నాటిన దానికి సుమారు నాలుగు రెట్లే. అందువలన ఒక్క వరద నష్టాన్ని పూడ్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఆ తొందరలో రైతు పిలక ఎక్కడ దొరికితే అక్కడి నుండి తెచ్చుకుంటాడు. అతనిని తప్పుపట్టలేము, అతనికి చూపించగల తల్లితోట లేదు. నష్టపరిహారపు లెక్కలలో ఎకరాకు ఇంత అని పంట విలువ కడతారు గానీ, పోయిన విత్తనపు విలువ కట్టే గడి ఆ పట్టికలో వేరుగా ఉండదు.

తల్లితోటలు లంకలలో పెట్టకూడదు. వరద అందని మెరకలో, కాలువ కింద నీటి వసతి గల కళాశాల క్షేత్రాలలో గానీ, పరిశోధనా స్థానాలలో గానీ పెట్టాలి. లంక భూముల నుండి వరదకు ముందే ఎంచిన మేలైన కుదుళ్ళను తెచ్చి, ఒక్కొక్క దానికి సంఖ్య వేసి, అది ఏ ఊరి ఏ తోటదో రాసి, ఏటా వైరస్ పరీక్ష చేయించి నిలపాలి. రకానికి రెండు మూడు వందల తల్లి మొక్కలు మించి అక్కరలేదు. స్నాతకోత్తర విద్యార్థులకు ఇది వరుసగా చేయదగిన పని. ఒకరు మొదలుపెట్టిన రికార్డును మరొకరు కొనసాగించాలి. ఒక పరిశోధన వ్యాసానికి రెండేళ్ళు గడువైతే, క్లోనల్ ఎంపికకు కనీసం ఐదారు పంటలు కావాలి. ఈ పొంతన లేకపోవడం వల్లనే ఇటువంటి పని ఎవరి పేరిటా మొదలు కాదు. మార్గదర్శకులు మారినా తల్లితోట మారకుండా నిలిచే ఏర్పాటును విభాగం స్థాయిలో చేయవలసి ఉంటుంది.

పసుపు విషయంలో కాలం కూడా చూసుకోవాలి. దుగ్గిరాల రకం తొమ్మిది నెలల దీర్ఘకాలిక పంట, జూన్ ప్రాంతంలో నాటినది ఫిబ్రవరి, మార్చి నెలలలో తవ్వకానికి వస్తుంది. తవ్విన తరువాత కొమ్ము చూసి ఏ కుదురు కుళ్ళిందో, ఏది తట్టుకున్నదో చెప్పడం కష్టం. ఆకులు పచ్చగా ఉండే అక్టోబరు, నవంబరు నెలలలోనే మేలైన కుదుళ్ళ పక్కన గుర్తుకర్రలు పాతి, తవ్వేటప్పుడు వాటి దుంపలను విడిగా తీసి, విడి పోగుగా నీడలో నిలవ చేయించాలి. ఈ పనికి ప్రయోగశాల అక్కరలేదు. కొల్లిపర, దుగ్గిరాల మండలాలలో గ్రామానికి ఒక రైతు ఈ గుర్తుకర్రలు పాతడానికి ముందుకు వచ్చినా, విస్తరణ సిబ్బంది ఆ నెలలలో రెండు సార్లు పొలం చుట్టి రాగలిగినా, వచ్చే నాటు కాలానికి విడి పోగులు సిద్ధంగా ఉంటాయి.